విడిపోయిన మనిషికి మన సంగతులు ఎట్లా తెలుస్తా ఉన్నాయి?

“నిన్న సాయంత్రం కావలిలో దిగావంట గదా” అని విడిపోయిన భర్త దగ్గర్నుంచి మెసేజ్. నెల్లూరులో బస్సెక్కిన సంగతి అమ్మకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఒళ్లు జలదరిస్తుంది, ఫోను చేత్తో పట్టుకోవాలన్నా భయమేస్తుంది. ఆ భయం ఉత్తది కాదు. కానీ ఆ కంగారులో ఫోను తీసుకుని ట్రంకు రోడ్డులో ఏదో ఒక షాపుకు పరిగెత్తినా, కనిపించిన యాప్‌లన్నీ తీసిపారేసినా నష్టమే.

ఎక్కడో కూర్చుని మీ ఫోనులోకి దూరడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. కలిసున్న రోజుల్లో ఫోను, సిమ్ము, జీమెయిల్ ఇద్దరివీ ఒకటే అన్నట్టు వాడుకుంటాం. ఫోను కొన్నది అతను, సిమ్ము అతని ఆధార్ మీద, జీమెయిల్ తెరిచి పాస్‌వర్డ్ పెట్టింది కూడా అతనే. మనుషులు విడిపోయినా అవి విడిపోలేదు. ముందు వెతకాల్సింది అక్కడ.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఫోనులో రాయొద్దు, అదీ గూగుల్ ఖాతాలోకి ఎక్కి అతని కంట పడొచ్చు. అతనికి తెలియకూడని సంగతి ఏది తెలిసింది, ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ మాటలతో బయటపెట్టాడు అన్నది రాస్తా పోండి. నాలుగైదు పోగయ్యేసరికి ఏ దారిన పోతా ఉన్నాయో ఒక అంచనా దొరుకుతుంది.

తెలిసేది మీరున్న చోటు మాత్రమే అయితే గూగుల్ మ్యాప్స్ చూడాలి. అందులో పైన మీ ఫొటో నొక్కి ‘లొకేషన్ షేరింగ్’ తెరిస్తే ఎవరికి కనిపిస్తున్నారో పేరుతో సహా ఉంటుంది. అక్కడ ఎవరూ లేకపోయినా సరే, మీ జీమెయిల్ పాస్‌వర్డ్ తెలిసినవాడు పోయిన ఫోను వెతికిపెట్టే గూగుల్ సేవలోకి వెళ్లి మీ ఫోను ఎక్కడుందో చూసుకోగలడు. చాలామందికి తట్టని ఇంకో దారి బ్యాంకు. మీ ఖాతాకు అతని నంబరు ఉంటే, లేదా అది ఇద్దరి పేరా ఉన్న ఖాతా అయితే, కావలి ఏటీఎంలో మీరు రెండు వేలు తీసిన నిమిషానికే అతనికి మెసేజ్ పోతుంది. అట్లాంటప్పుడు ఫోనంతా జల్లెడ పట్టినా ఏమీ దొరకదు.

వాట్సాప్‌లో రాసిన మాటలు పొల్లుపోకుండా అప్పజెబుతా ఉంటే ‘లింక్డ్ డివైజెస్’ చూడండి. ఓటీపీలు, బ్యాంకు ఎస్సెమ్మెస్‌లు తెలుస్తా ఉంటే గూగుల్ మెసేజెస్‌లో ‘డివైజ్ పేరింగ్’ చూడండి, వాట్సాప్ మాదిరే దాన్నీ కంప్యూటర్‌లో తెరవొచ్చు. ఫొటోలైతే గూగుల్ ఫొటోస్‌లో ‘పార్ట్‌నర్ షేరింగ్’. ఇంట్లో నోటితో అనుకున్న మాటలు, ఫోన్ కాల్‌లో మాట్లాడినవి తెలుస్తా ఉంటేనే గూఢచారి యాప్ మీద అనుమానం బలపడుతుంది. అప్పుడు కూడా చుట్టూ మనుషుల్ని ఒకసారి తలుచుకోండి. పిల్లలు, ఇద్దరికీ కావలసిన చుట్టాలు, మీ స్టేటస్‌లు చూసే పాత నంబర్లు, ఇవన్నీ దారులే.

తేల్చుకోవాలంటే ఒక సంగతిని ఒకే దారిలో వదలండి. ‘ఆదివారం పెంచలకోన పోతున్నాం’ అని నమ్మకమైన ఒక్కరికే వాట్సాప్‌లో రాసి, ఇంకెక్కడా అనకండి. వారం ఆగి ఇంకో సంగతి మామూలు కాల్‌లో మాత్రమే చెప్పండి. ఏది తిరిగి మీ చెవిన పడిందో సంగతులు పోయేది ఆ దారినే. ఒంటరిగా ఎక్కడికో వెళ్తున్నట్టో, ఫలానా మనిషిని కలుస్తున్నట్టో మాత్రం రాయొద్దు. చెయ్యి చేసుకునే మనిషైతే అది మీ మీదికే వస్తుంది.

దారి దొరికింది గదా అని వెంటనే మూసేయకండి. మీరు మూసిన సంగతి అతనికి తెలుస్తుంది. అతని కంప్యూటర్‌లో వాట్సాప్ ఊడిపోతుంది, మ్యాపులో మీ బొమ్మ మాయమవుతుంది. పట్టు జారిందని తెలిసిన మనిషి ఇంటి మీదికి రావచ్చు. కాబట్టి మీరు ఎక్కడుంటారు, పక్కన ఎవరుంటారు అన్నది ముందు చూసుకుని, అప్పుడు ఒకే రోజు కూర్చుని అన్నీ మూయాలి. మీ ఫోనులోనే చూడాల్సినవి తప్ప మిగతా పనంతా అతను ఎన్నడూ ముట్టని ఫోను మీద జరగాలి. తమ్ముడిదో, కూడా పనిచేసే ఆమెదో అయితే మేలు. ఈ పోస్టు కూడా ఆ ఫోనులో చదవడమే మంచిది, బ్రౌజర్ హిస్టరీ చూసేవాడికి మీ ఆలోచన ముందే తెలిసిపోతుంది.

ఏదైనా తీసేసేముందు సాక్ష్యం కావాలి. అనుమానంగా ఉన్న ప్రతి తెరనూ ఆ రెండో ఫోనుతో ఫొటో తీయండి. స్క్రీన్‌షాట్ వద్దు, అది గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కి అతని కంట్లోనే పడొచ్చు. వాట్సాప్‌లో లింక్ అయిన పరికరం పక్కన చివరిసారి వాడిన సమయం ఉంటుంది. గూగుల్ పరికరాల జాబితాలో ఫోను మోడల్, ఊరు ఉంటాయి. కేసుకు పనికొచ్చేవి అవే.

ఇప్పుడు వరసగా మూయాలి. వరస తప్పితే ఒక పక్క మూస్తా ఉంటే ఇంకో పక్క తెరుచుకుంటుంది. మొదటిది సిమ్ము. అది అతని పేరు మీద ఉన్నంతకాలం, పోయిందని చెప్పి షాపులో డూప్లికేట్ తీసుకునే వీలు అతనికి ఉంటుంది. ఆ తర్వాత మీ ఓటీపీలన్నీ అతని చేతిలో. నంబరును మీ పేరుకు మార్చుకోవాలంటే అతని ఒప్పుదల కావాలి, అది దొరికే పని కాదు. మీ ఆధార్ మీద కొత్త సిమ్ము తీసుకుని, బ్యాంకు శాఖకు స్వయంగా వెళ్లి నంబరు మార్పించండి. ఆధార్‌లో నంబరును ఆధార్ కేంద్రానికి వెళ్లి మార్పించుకోవచ్చు. మీ పేరు మీద మీకు తెలియకుండా ఎన్ని సిమ్ములున్నాయో కేంద్ర ప్రభుత్వ ‘సంచార్ సాథీ’ సైటులో చూడొచ్చు.

పాత నంబరు కొన్నాళ్లు తప్పదనుకుంటే కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకొచ్చే కాల్స్ ఇంకో నంబరుకు మళ్లించే ఏర్పాటు, చూడండి. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో ‘కాల్ ఫార్వర్డింగ్’ అని ఉంటుంది. ఎప్పుడూ, బిజీగా ఉంటే, ఎత్తకపోతే, అందకపోతే అని నాలుగు వరసలు. అందకపోతే అన్నచోట ఆపరేటర్ వాయిస్‌మెయిల్ నంబరు ఉండొచ్చు, దానికి బెంబేలు పడొద్దు. తెలిసిన మనిషి నంబరు ఉంటే అసలు చిక్కు అదే.

తర్వాత గూగుల్. సిమ్ము కంటే పెద్ద పని ఇదే, తీరిగ్గా చేయండి. వీలైతే రెండో ఫోనులో కొత్త జీమెయిల్ తెరిచి మెల్లగా దానికి మారడం మంచిది. పాతదే ఉంచుకోవాలంటే ముందు రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మార్చండి. అవి అతనివైతే మీరు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ‘మర్చిపోయాను’ అని నొక్కి తిరిగి లోపలికొస్తాడు. తర్వాత ‘యువర్ డివైజెస్’లో మీవి కాని ఫోన్లన్నీ సైన్ అవుట్ చేయండి. అత్తగారికిచ్చిన పాత ఫోను, హాల్లోని టీవీ కూడా అక్కడ కనిపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చడం ఆ తర్వాత. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ చివరన పెట్టండి, ఎందుకంటే ‘లాగిన్ అవుతున్నది మీరేనా’ అని గూగుల్ అడిగే ప్రశ్న లాగిన్‌లో ఉన్న పాత ఫోనుకూ వెళ్తుంది, అక్కడ అతనే ‘అవును’ నొక్కొచ్చు. పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చే పాత పాస్‌కీలు ఉంటే తీసేయండి, పాత బ్యాకప్ కోడ్లు రద్దు చేసి కొత్త కోడ్లు కాగితం మీద రాసుకోండి.

జీమెయిల్‌లో ఇంకో మూల ఉంది, చాలామంది చూడకుండా వదిలేస్తారు. మీకొచ్చే ప్రతి మెయిలూ ఇంకో అడ్రసుకు కూడా పోయేట్టు ఫార్వర్డింగ్ పెట్టి ఉండొచ్చు. దీన్ని ఫోను యాప్‌లో సరిచేయలేం. కంప్యూటర్‌లో గానీ, క్రోమ్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టి గానీ జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఫార్వర్డింగ్’, ‘ఫిల్టర్స్’ రెండూ తెరిచి చూడాలి. పాస్‌వర్డ్ మార్చినా ఈ ఫార్వర్డింగ్ ఆగదు.

వాట్సాప్ పని అయిదు నిమిషాలది. ‘లింక్డ్ డివైజెస్’లో ఉన్నవన్నీ లాగవుట్ చేసి, ‘టూ స్టెప్ వెరిఫికేషన్’లో 6 అంకెల పిన్ పెట్టండి. పిల్లల పుట్టినరోజు, పెళ్లిరోజు వద్దు. ఒక ఫోనుకు 4 పరికరాల దాకా లింక్ చేయొచ్చు, అందుకని ఒకటి తీసేసి అయిపోయిందనుకోకండి.

ఇక ఫోను. సెట్టింగ్స్‌లో ఫింగర్‌ప్రింట్ తెరిచి వేళ్లు లెక్కపెట్టండి. మీరు పెట్టినవి రెండై అక్కడ మూడుంటే ఆ మూడోది ఎవరిది? అన్నీ తీసేసి మళ్లీ పెట్టుకోండి. ప్యాటర్న్ బదులు 6 అంకెల పిన్ మేలు, ప్యాటర్న్ గీత అద్దం మీద వేలి మరకలోనే కనిపిస్తుంది.

గూఢచారి యాప్ పెట్టాలంటే చాలావరకు ఫోను తెరిచి కొన్ని నిమిషాలు చేతిలో ఉంచుకోవాలి. విడిపోయాక కొన్న ఫోనైతే, అతని చేతికి ఎప్పుడూ పోకపోతే, ఆ అనుమానం చాలావరకు వదిలేయొచ్చు. ఆ యాప్‌కు బొమ్మ కనిపించకపోవచ్చు. ‘సిస్టమ్ సర్వీస్’, ‘సింక్’ లాంటి పేరుతో దాక్కుంటుంది. కానీ పని చేయాలంటే దానికి అనుమతులు కావాలి, అక్కడ దొరుకుతుంది. రెడ్‌మీ, వివో, రియల్‌మీ, సామ్‌సంగ్ ఒక్కోదానిలో ఒక్కోచోట ఉంటాయి కాబట్టి సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో ‘యాక్సెసిబిలిటీ’, ‘డివైజ్ అడ్మిన్’, ‘నోటిఫికేషన్ యాక్సెస్’, ‘అన్‌నోన్ యాప్స్’ అని ఒక్కొక్కటీ కొట్టి చూడండి. మీరు పెట్టని పేరు యాక్సెసిబిలిటీలో ఆన్‌లో ఉంటే అది మీ తెర మీద అక్షరాలు చదవగలదు. ప్లే స్టోర్‌లో ‘ప్లే ప్రొటెక్ట్’ ఆఫ్‌లో ఉండి, ఆపింది మీరు కాకపోతే, ఎవరో కావాలనే ఆపారని అనుకోవాలి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. కిస్తీల మీద కొన్న ఫోన్లలో డబ్బు కట్టకపోతే తాళం వేయడానికి ఫైనాన్స్ వాళ్లు ఒక యాప్ పెట్టి ఉండొచ్చు, అదీ డివైజ్ అడ్మిన్‌లో కనిపించవచ్చు. బిల్లులో ఫైనాన్స్ పేరు చూసుకుని, అది వేరు, ఇది వేరు అని తేల్చుకోండి.

యాప్ దొరికి ‘అన్‌ఇన్‌స్టాల్’ నొక్కుడు పడకపోతే, డివైజ్ అడ్మిన్‌లో దాని పక్కన టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించాలి. సాక్ష్యం తీసుకున్నాక ఫ్యాక్టరీ రీసెట్ అన్నిటికంటే నిక్కచ్చి. దానికి ముందు ఫొటోలు, కాంటాక్టులు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి, జీమెయిల్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. రీసెట్ తర్వాత ఫోను దాన్నే అడగొచ్చు, గుర్తులేకపోతే ఫోను తెరుచుకోకపోవచ్చు. తర్వాత పాత బ్యాకప్ నుంచి యాప్‌లు తెచ్చుకోకుండా కావలసినవి ఒక్కొక్కటీ ప్లే స్టోర్ నుంచి ఎక్కించుకోండి. ఫోను ఆన్ చేసినప్పుడు బూట్‌లోడర్ (ఫోను సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టే భాగం) అన్‌లాక్ అయిందన్న హెచ్చరిక వస్తా ఉంటే రీసెట్‌ను నమ్మొద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ మొత్తం కొత్తగా ఎక్కించాలి, లేదా ఫోను మార్చాలి. ఐఫోనైతే ఐఓఎస్ 16 నుంచి ‘సేఫ్టీ చెక్’ అని ఉంది, ఎవరితో ఏం పంచుకుంటున్నారో అక్కడే చూసి అన్నీ ఒకసారే ఆపొచ్చు.

రిపేరు షాపుకు ఎందుకు వద్దంటున్నానంటే, వాళ్లు మొదట అడిగేది ప్యాటర్న్. ఒంగోలైనా నెల్లూరైనా ఆ షాపతను అతనికి తెలిసినవాడై ఉండొచ్చు. రీసెట్ కొట్టి ఇచ్చేస్తే సాక్ష్యం కూడా పోతుంది.

ఫోనులో ఏమీ దొరకక, తెలిసేది చోట్లు మాత్రమే అయితే స్కూటీ చూడండి. సీటు కింద, బ్యాటరీ వైర్ల దగ్గర, ముందు ప్యానెల్ వెనక అగ్గిపెట్టంత జీపీఎస్ పెట్టె ఉండొచ్చు. మెకానిక్ చేత తీయించేముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి. వస్తువు ఎక్కడుందో చెప్పే ఎయిర్‌ట్యాగ్ లాంటి బిళ్ల అయితే ఆండ్రాయిడ్‌లో ‘అన్‌నోన్ ట్రాకర్ అలర్ట్స్’తో వెతకొచ్చు.

ఫిర్యాదు చేయడానికి వెనకాడకండి. ఆడమనిషి ఇంటర్నెట్, మెయిల్, ఫోను వాడకాన్ని నిఘా పెట్టి చూడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికి 3 ఏళ్ల దాకా జైలు. పాస్‌వర్డ్ దొంగిలించి వాడితే ఐటీ చట్టం 66సీ. ఆ చట్టం మగవాళ్ల ఫిర్యాదుకూ వర్తిస్తుంది. అదే చట్టం మీకూ వర్తిస్తుంది కాబట్టి కోపంలో అతని ఖాతాలోకి మీరు వెళ్లొద్దు. కలిసి కాపురం చేసిన మనిషి మీద 2005 గృహహింస చట్టం కింద విడిపోయాక కూడా రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు ఓటీపీకి కొత్త నంబరే ఇవ్వండి. 1930 సైబర్ హెల్ప్‌లైను ముఖ్యంగా డబ్బు పోయిన కేసులకు. వేధింపులకు మహిళల హెల్ప్‌లైను 181, ఆ క్షణంలో ప్రమాదం ఉంటే 112. స్టేషన్లో మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్ అయినా రాసుకోవాలి. ఫొటోలు, మెసేజ్‌లు కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, లాయరు రాయిస్తారు. ఫొటోలు తీసిన ఆ రెండో ఫోనును మాత్రం అప్పటిదాకా అమ్మకండి, రీసెట్ చేయకండి.

అన్నీ మూశాక కూడా మిగిలేది పిల్లల ఫోను, ట్యాబ్. ఆదివారం తండ్రి దగ్గరికి వెళ్లొచ్చే ట్యాబ్‌లో మీ జీమెయిల్ ఉంటే, ఇంత చేసిందీ వారం తిరిగేసరికి వృథా అవుతుంది. దానికి వేరే ఖాతా పెట్టండి, మీ వైఫై పాస్‌వర్డ్ మార్చండి, మీ పిన్ను పిల్లలకు చెప్పకండి. నాన్నకు ఏం చెప్పొద్దో వాళ్లకు నేర్పకండి, ఆ బరువు వాళ్లు మోయలేరు. వాళ్లకు తెలియకూడనిది వాళ్ల ముందు మాట్లాడకుండా ఉంటే చాలు.