అంస్టెడ్ అడవిలో పుట్టగొడుగుల ఫొటోలు

నార్త్ కరోలినాలో రాలీ, కేరీ నగరాలను ఆనుకుని ఉన్న విలియం బి. అంస్టెడ్ స్టేట్ పార్కుకు, జులై, ఆగస్టు నెలల్లో ఉరుములతో గట్టి వాన పడిన రెండు మూడు రోజులకు వెళ్తే, కాలిబాట పక్కన ఓక్, పైన్ చెట్ల కింద రకరకాల పుట్టగొడుగులు కనిపిస్తాయి. సారం పోయి సాగుకు పనికిరాని పొలాలను 1930లలో ప్రభుత్వం కొనగా, అవే ఇప్పుడు 5,500 ఎకరాల అడవిగా ఎదిగాయి. ఇక్కడి పుట్టగొడుగుల్లో చాలావాటికి మట్టిలో పాకే సన్నని దారాలు ఉంటాయి; అవి చెట్ల వేళ్లను అల్లుకుని నీటినీ ఖనిజాలనూ అందిస్తాయి, బదులుగా చెట్టు నుంచి చక్కెర పొందుతాయి.

చాలామంది గొడుగును పైనుంచి ఫొటో తీసి ముందుకు సాగిపోతారు. నా దృష్టిలో అది సగం ఫొటో కూడా కాదు, ఎందుకంటే జాతిని పట్టిచ్చే ఆనవాళ్లలో ముఖ్యమైనవి కిందనే ఉంటాయి. పార్కులో దేన్నీ కోయకూడదు కనుక, చిన్న చేతి అద్దాన్ని గొడుగు కిందికి జరిపి, అందులో కనిపించే మొప్పలను, అంటే గొడుగు అడుగున వరుసగా ఉండే పలుచని రేకులను, ఫొటో తీస్తాను. ఫ్లాష్ వేస్తే తడి గొడుగు మీద తెల్లని మెరుపు మచ్చ పడుతుంది కాబట్టి, ట్రైపాడ్‌ను నేలబారుగా పెట్టి, తెల్ల కాగితంతో నీడలోకి వెలుతురు మళ్లిస్తాను. ఒకసారి లాక్టేరియస్ ఇండిగో అనే నీలి పుట్టగొడుగు అంచును ఏదో పురుగు కొరికిన చోట ముదురు నీలి పాలు ఊరి, మెల్లగా ఆకుపచ్చకు తిరుగుతూ కనిపించాయి. అద్దం లేకపోతే ఆ బొట్లు నా కంటపడేవే కావు.

కాడ మొదట్లో రాలిన ఆకులను వేళ్లతో పక్కకు జరిపి, సంచి వంటి తొడుగు ఉందేమో చూసి, ఫొటో తీశాక మళ్లీ కప్పేస్తాను. ప్రాణాంతకమైన తెల్లని అమనిటా బైస్పోరిజెరా అనే పుట్టగొడుగుకు ఆ తొడుగు మట్టిలో దాగి ఉంటుంది. మన దగ్గర వరిగడ్డి మీద పెంచే పుట్టగొడుగుకూ అలాంటి తొడుగే ఉండడం వల్ల, ఆసియా నుంచి అమెరికాకు వలస వచ్చినవారు అదే అనుకుని డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగును వండుకుని విషం పాలైన సంఘటనలు ఉన్నాయి. చెదపుట్టల మీద మొలిచే మన పుట్టగొడుగులైతే ఈ ఖండంలో సహజంగా పెరగవు. అందుకే, ఫొటోలు చూసి "కూర వండుకోవచ్చా?" అని అడిగే బంధువులకు వద్దనే గట్టిగా చెబుతాను.

మొక్కలు, జీవుల ఫొటోలు పెడితే ఇతరులు జాతిని గుర్తించి చెప్పే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో నేను పెట్టే ప్రతి పుట్టగొడుగుకూ పైభాగం, మొప్పలు, కాడ మొదలు, వీటితో పాటు పక్కనున్న చెట్టు ఆకు ఫొటో కూడా జత చేస్తాను, ఎందుకంటే అది ఓక్ కింద మొలిచిందా, పైన్ కింద మొలిచిందా అన్నది గుర్తించేవారికి చాలా అవసరం.