కందికట్టె మంట, పాస్కా వత్తి

గుంటూరులో నరసరావుపేట పల్లెవెలుగు ఎక్కి, ఫిరంగిపురం దాటాక రోడ్డు మీద దిగితే ఊరు ఇంకా నాలుగు కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. 2025 ఏప్రిల్ 19, పవిత్ర శనివారం, అంటే పాస్కాకు (ఈస్టరుకు) ముందురోజు. మామూలు రోజుల్లో మనిషికి ఇరవై తీసుకునే ఆటో అతను పండగ పేరు చెప్పి నూటయాభై అడిగాడు. ఆ ఎండలో బేరమాడే ఓపిక లేక ఎక్కాను గానీ చిరాకు మాత్రం ఊరు చేరేదాకా తగ్గలేదు. దారికి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ధర పడిపోయిన ఏడాది కదా, అమ్మబుద్ధి కాక చాలామంది ఇంకా కల్లాల దగ్గరే కాపలా పడుకుంటున్నారట.

అంత దూరం వెళ్లింది పాస్కా జాగరణ, అంటే పాస్కా ముందు రాత్రి గుడిలో జరిగే ప్రార్థన, పూర్తిగా చూడాలని. హైదరాబాదులో మా విచారణలో (ఒక గురువు చూసుకునే గుడి, దాని జనం) తెలుగు, ఇంగ్లీషు, తమిళం వాళ్లకు కలిపి ఒకటే జాగరణ. బైబిలు పాత నిబంధన నుంచి ఏడు పఠనాలు ఉంటే మూడే చదువుతారు. తగ్గించుకోవడం నియమం ఒప్పుకునేదే. ఎర్రసముద్రం దాటిన ఘట్టం, నిర్గమకాండం 14వ అధ్యాయం, ఒక్కటి మాత్రం ఎప్పుడూ వదలకూడదు. అయినా గంటన్నరలో అంతా ముగించి పార్కింగ్ ఖాళీ చేసి వెళ్లడం నాకు ఏటా కొరతగానే ఉంటుంది. జెస్యూట్ (యేసు సభ) గురువుల కాలం నుంచీ, అంటే 18వ శతాబ్దం నుంచీ, కతోలిక కుటుంబాలున్న ప్రాంతం ఇది. ఇక్కడ ఏడూ చదువుతారని విని బయల్దేరాను.

గుడి పక్క గదిలో ఉపదేశి గారు (గురువుకు తోడుగా ప్రార్థనలు, మతబోధ చూసుకునే పెద్ద) నేల మీద కూర్చుని పాస్కా వత్తి, అంటే ఆ రాత్రి వెలిగించే పెద్ద కొవ్వొత్తి, చెక్కుతున్నారు. ఊళ్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. డెబ్భై దాటిన మనిషి. విచారణ గురువులు నాలుగైదేళ్లకొకసారి మారతారు. ఏ సామాను ఎక్కడుందో, ఏ పేటలో ఎవరు మంచాన పడ్డారో, ఏ బిడ్డకు జ్ఞానస్నానం బాకీ ఉందో తెలిసింది ఈయనకే. మధ్యాహ్నమంతా ఆ గది దాటి నేను కదల్లేదు.

వత్తి మూడడుగుల పొడవు, చేతి మణికట్టంత లావు. గుణదలలో కొని తెచ్చారు. పాస్కా వత్తి మైనంతో చేసినదై ఉండాలి, ఏటా కొత్తది కావాలి, గుడికి ఒక్కటే ఉండాలి. ఈ మధ్య ప్లాస్టిక్ గొట్టంలో నూనె పోసి వెలిగించే వత్తులు వచ్చాయి. చూడటానికి వత్తిలాగే ఉంటాయి, పదేళ్లయినా అరగవు, ఏటా సంవత్సరం అంకెలు ఉన్న స్టిక్కరు మారిస్తే చాలు. మా పట్నంలో కూడా వాటిని వాడే చోట్లు చూశాను. అరగని వత్తి పాస్కా వత్తి కాదని నా గట్టి నమ్మకం. తనను తాను అర్పించుకునే వెలుగుకు అది గుర్తు. ఆ రాత్రి పాడే పాస్కా ప్రకటన గీతంలో తేనెటీగల శ్రమను కూడా తలుచుకుంటాం. గొట్టం ముందు నిలబడి ఆ మాట ఎలా పాడతారు?

పల్నాటి ఎండలో మైనంతో వచ్చే తంటా వంగిపోవడం. గోడకు ఆనించి నిలబెడితే సాయంత్రానికి విల్లులా ఒంగుతుంది. అందుకని కొన్న రోజు నుంచీ చల్లటి గదిలో చదునైన బల్ల మీద పడుకోబెట్టి ఉంచాలి. ఒంగిన వత్తిని చేత్తో తిన్నగా వంచబోతే చిట్లుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, బల్ల మీద మెల్లగా దొర్లిస్తే సరి అవుతుంది.

చెక్కే పద్ధతి ఇది. ముందు పెన్సిలుతో సిలువ గీసుకోవాలి. నిలువు గీత, అడ్డ గీత, పైన ఆల్ఫా, కింద ఒమేగా. సిలువ చేసిన నాలుగు మూలల్లో సంవత్సరపు నాలుగు అంకెలు. పై వరుసలో 2, 0, కింది వరుసలో 2, 5. చాకు మొనను కాచి, గీత మీద బియ్యపుగింజ లోతున లాగాలి. అంతకన్నా లోతుకు పోతే వత్తి సగం కాలాక ఆ గాడి వెంటే మైనం బయటికి కారుతుంది. ఎర్ర కొవ్వొత్తి కరిగించి చిన్న చెంచాతో గాడిలో పోసి, ఆరాక మిగిలింది బ్లేడుతో గీకేయాలి. రాత్రి గురువు చేసేది ఈ గీతల మీద మళ్లీ మొన పెట్టి నడపడమే. చీకట్లో, గాలిలో, కొత్తగా చెక్కడం ఎవరివల్లా కాదు.

తర్వాత అయిదు సాంబ్రాణి గింజలు, క్రీస్తు అయిదు గాయాలకు గుర్తుగా. బఠాణీగింజంత ముక్కలు ఏరి, కాచిన మేకుతో ముందే రంధ్రాలు చేసి ఉంచాలి. రంధ్రం లేకుండా బలవంతాన గుచ్చితే మైనం నిలువునా పగులుతుంది. గుచ్చే వరుస కూడా ఉంది. మొదటిది పైన, రెండోది నడుమ, మూడోది కింద, నాలుగోది ఎడమ, అయిదోది కుడి. మాస్టారు ఆ అయిదింటినీ ఒక అగ్గిపెట్టెలో వరుసగా పేర్చి, పూజలో గురువుకు సాయపడే పీఠ బాలకుల్లో పెద్దవాడి చేతికిచ్చి మూడుసార్లు చెప్పించుకున్నారు. ఇక కొత్త వత్తి దారం నిప్పు అంత తొందరగా అందుకోదు. దానికి కరిగిన మైనం పట్టించి, వేలి గోరంత మిగిల్చి కత్తిరించారు. పొడుగ్గా వదిలేస్తే పొగ, మసి.

చేతులు పనిలో ఉండగానే మాస్టారు పవిత్ర గురువారం సంగతి చెప్పారు. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన దానికి గుర్తుగా ఇక్కడ పన్నెండు మందిని కూర్చోబెడతారు. ఈ విచారణలో అసలు ఊరు, నాలుగు ఉపకేంద్రాలు (దాని కిందికి వచ్చే చిన్న ఊళ్లు). ఎవరిని పిలిచినా ఇంకొక పేట అలుగుతుంది. అందుకని పేటకు ఇంతమందని ముందే లెక్క వేసి, ఏటా ఇల్లు మారుస్తారు. పోప్ ఫ్రాన్సిస్ 2016 జనవరిలో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టవచ్చని మార్చాక ఇక్కడా కూర్చోబెడుతున్నారు. ‘మొదటేడు మా ఆడోళ్లే సిగ్గుపడి రాలేదు బాబూ. ఇప్పుడు నన్నెందుకు పిలవలేదని పోట్లాడుతున్నారు’ అన్నారు.

సాయంత్రం, జాగరణ మొదట్లో ఆశీర్వదించి వత్తి అంటించే కొత్త నిప్పు ఏర్పాటు. మంటకు కందికట్టె, నిప్పులకు తుమ్మ. కందికట్టె భగ్గుమని మండి చూడటానికి బాగుంటుంది గానీ పావుగంటలో బూడిద. ధూపపాత్రలోకి ఎర్రటి నిప్పులు కావాలంటే తుమ్మ ముక్కలు గంట ముందే అంటించి ఉంచాలి. కందికట్టె గురువు వచ్చే ముందు వేయాలి. ఇనప బాణలిని గుడి తలుపుకు ముప్పై గజాల దూరంలో, గడ్డివాములు లేని వైపు పెట్టారు. పక్కన రెండు బకెట్ల నీళ్లు, తడిపిన గోనెసంచులు. ఒక కుర్రాడు సీసాలో పెట్రోలు తెచ్చాడు. ‘పెట్రోలు పొయ్యబాకండ్రా! ఎగిసిందంటే ఫాదరు గారి కనుబొమ్మలు కాల్తయ్’ అని లాక్కుని దూరంగా పెట్టించారు. పెట్రోలుతో ఇంకో చిక్కు, పై మంట ఆరిపోయి లోపల కట్టె అంటుకోకుండా ఉండిపోవడం.

అసలు గొడవ దీపాల దగ్గర వచ్చింది. యువత చందాలు వేసుకుని గుడి ముందంతా సీరియల్ సెట్లు కట్టి, జనరేటరు తెచ్చారు. చీకటి పడుతూనే వేద్దామని వాళ్లు. వెలిగిన వత్తిని గుళ్లోకి తెస్తూ మూడుచోట్ల ‘క్రీస్తు జ్యోతి’ అని పాడతారు, ఆ మూడోది అయ్యేదాకా ఒక్క బల్బు వెలగకూడదని మాస్టారు. ‘ఇంత ఖర్చు పెట్టింది ఎవరికి చూపిద్దామని తాతా?’ అన్నాడు ఒకడు. ఆయన కోప్పడలేదు. మహిమ గీతం మొదలై గంటలు మోగినప్పుడు స్విచ్ నొక్కే పని వాడికే అప్పజెప్పారు. గుడి ముందు వీధి దీపానికి నిచ్చెన వేసి గోనెసంచి కట్టించారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం. జాగరణ పూర్తిగా చీకటి పడ్డాక మొదలవ్వాలి, ఆదివారం తెల్లవారకముందే ముగియాలి అన్న నియమం ఊరికే పెట్టింది కాదు. సెల్‌ఫోన్ టార్చీలు వేసుకుని కొత్త నిప్పును వీడియో తీసే మా గుడిలో ఆ మొదటి భాగం మొత్తం వృథా అయిపోతుంది.

తొమ్మిదింటి నుంచి ఉపకేంద్రాల జనం ట్రాక్టర్లలో దిగారు. ఒక్కొక్కరికి ఒక సన్నని కొవ్వొత్తి, నడుమ అట్టబిళ్ల గుచ్చింది. అట్టబిళ్ల లేకపోతే వేడి మైనం చేతి మీద, పట్టుచీరల మీద పడుతుంది. సిస్టర్ గారు వరుస వరుసకూ వెళ్లి ఒకటే మాట చెప్పారు: వెలిగే వత్తిని నిలువుగా ఉంచండి, వెలగని వత్తినే దాని మీదికి వంచండి. ఇది తెలియక తిప్పి చేసేవాళ్ల వల్లే గుళ్లో సగం బండలు మైనమవుతాయి.

పదిన్నరకు బయట నిలబడ్డాం. పున్నమి దాటి వారం కావస్తోంది కాబట్టి చంద్రుడు అర్ధరాత్రి దగ్గరికి గానీ రాడు. నిజంగా చీకటి. కందికట్టె మండింది, గురువు నిప్పును ఆశీర్వదించి, గీతల మీద మొన నడిపి, గింజలు గుచ్చారు. నిప్పు నుంచి వత్తికి అంటించే పుల్ల రెండుసార్లు ఆరింది. పడమటి గాలి. మూడోసారి ఇద్దరు బాలకులు అంగీలు అడ్డం పట్టారు, అంటుకుంది. తలుపు దగ్గర మొదటి ‘క్రీస్తు జ్యోతి’, గుడి నడుమ రెండోది, అక్కడి నుంచి జనం వత్తులు వెలిగాయి. బలిపీఠం ముందు మూడోది. పాస్కా ప్రకటన గీతం గురువే పాడారు.

పఠనాలు ఏడూ జరిగాయి. సృష్టి నుంచి యెహెజ్కేలు దాకా, ఊరికి ఒకరు చొప్పున, మిగతావి ఇద్దరు టీచర్లు. ఒక్కరూ తడబడలేదు. పాస్కాకు ముందు వచ్చే తపస్కాలంలో ప్రతి శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక సాధన చేయించారట. ప్రతి పఠనం తర్వాత కీర్తన, మౌనం, ప్రార్థన. చిన్న పిల్లలు అయిదో పఠనానికి చాపల మీద నిద్రపోయారు. పెద్దవాళ్లు మాత్రం కదల్లేదు. నాకు అలసట తెలియలేదు. కథ మొదటి నుంచి చివరిదాకా ఒక్క రాత్రిలో విన్నప్పుడు ఎర్రసముద్రం దగ్గరికి వచ్చేసరికి అది ఎక్కడిదో చిరిగిన పేజీలా కాక తన చోట తాను ఉంటుంది.

గురువారం మహిమ గీతం తర్వాత ఆగిన గంట మళ్లీ మోగింది. ఈ రెండు రోజులూ గంటకు బదులు చెక్క గిలక్కాయే. ఆ కుర్రాడు స్విచ్ నొక్కాడు, గుడి ముంగిలంతా వెలిగింది, పిల్లలు లేచి కూర్చున్నారు. తర్వాత జ్ఞానస్నానపు నీళ్లు. వత్తిని నీళ్లలో ముంచే ముందు దాని అడుగు తడిగుడ్డతో తుడవాలి, లేకపోతే మసి, మైనపు రేకులు పైకి తేలతాయి. పాత్ర వెడల్పుగా, లోతుగా ఉండాలి. ఇద్దరు పట్టుకోవాలి, తడి చేతికి మైనం జారుతుంది. పసిబిడ్డలకు జ్ఞానస్నానాలు, అందరి వాగ్దానాలు, మామిడి మండతో మా మీద నీళ్లు.

అన్నీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. గుడి వెనక వేడివేడి ఉప్మా, టీ. ఊరివాళ్లూ పాలెంవాళ్లూ (దళితవాడ వాళ్లు) ఒకే బంతిలో కూర్చున్నారు. ఎప్పుడూ ఇలా ఉండేది కాదని పక్కనే కూర్చున్న పెద్దావిడ చెప్పింది. ఆమె చిన్నప్పుడు గుళ్లో చాపలు కూడా వేరట. శ్మశానం గురించి అడిగితే ఇంకా మాట్లాడుకుంటున్నామంది. ఒక గుడిలో ఒకే రొట్టె తిని, పాతిపెట్టేటప్పుడు విడిపోవడం నాకు మింగుడుపడని సంగతి. ఆ మాట అక్కడే అన్నాను. ఎవరూ తప్పుపట్టలేదు.

ఆదివారం మటన్, గారెలు, నిద్ర. కిలో మటన్ తొమ్మిది వందలని ఇంటింటా అదే మాట.

సోమవారం బయల్దేరదామనుకుంటుండగా మధ్యాహ్నం ఒకటిన్నరకు ఫోన్లు మోగాయి. పోప్ ఫ్రాన్సిస్ ఉదయం రోమ్ సమయం 7:35కి కన్నుమూశారు. ముందురోజే బాల్కనీలోకి వచ్చి ఆశీర్వదించిన మనిషి. ఆగాను. సాయంత్రం పూజలో గురువు కృతజ్ఞతా ప్రార్థనలో పోపు పేరు పలకలేదు. మన పీఠాధిపతి (బిషప్) పేరు మాత్రమే పలికారు. కొత్త పోపు వచ్చేదాకా అంతే అని మాస్టారు చెప్పారు. పాస్కా తర్వాతి ఎనిమిది రోజుల్లో అంత్యక్రియల పూజ తప్ప మృతుల కోసం వేరే పూజ చేయరు గనుక, పూజ అయ్యాక జపమాల చెప్పుకున్నారు. బయట అరుగు మీద మాట కార్డినళ్లు కొత్త పోపును ఎన్నుకునే కాన్‌క్లేవ్ మీదికి మళ్లింది. అప్పటి కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన పూల అంతోని, హైదరాబాదు అగ్రపీఠాధిపతి, దళిత కుటుంబం నుంచి కార్డినల్ అయిన మొదటి మనిషి. 2022లో ఆయన్ని కార్డినల్ చేసింది ఈ ఫ్రాన్సిసే. ఆయనా ఓటు వేస్తాడని పాలెం కుర్రాళ్లకు వివరంగా తెలుసు. పెద్దావిడకు వాళ్లే చెప్పారు, ఆమె ఇంకోసారి చెప్పించుకుంది.

చూడదలచినవాళ్లకు: పాస్కా 2026లో ఏప్రిల్ 5న, 2027లో మార్చి 28న. జాగరణ అంతకు ముందు శనివారం రాత్రి. మధ్యాహ్నానికల్లా ఊరు చేరండి, చీకటి పడ్డాక రోడ్డు మీద ఆటోలు దొరకవు. ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి. పట్టుబట్టలు వద్దు, నూలువి చాలు. కూర్చోవడానికి దుప్పటి, తాగడానికి నీళ్లు తెచ్చుకోండి. ఫోను జేబులోనే ఉంచండి, కనీసం మూడో ‘క్రీస్తు జ్యోతి’ దాకా.