వైవాలో ఎక్స్‌టర్నల్ నవ్విన ప్రాజెక్టు: నా అనుభవం

నిన్ననే ఎమ్మెస్సీ సైకాలజీ వైవా అయిపోయింది. కోపం ఇంకా చల్లారలేదు. శాస్త్రీయ నిబంధనం (క్లాసికల్ కండిషనింగ్, అంటే ఒక సంకేతం వెంటే ఇంకోటి వస్తుందని అలవాటై ఆ సంకేతానికే స్పందించడం) మీద ప్రాజెక్టు పెట్టుకునే జూనియర్లకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు ఒక శబ్దం, వెంటనే కంటి మీదికి గాలి ఊదడం. అలా కొన్నిసార్లు జరిగాక ఒట్టి శబ్దానికే రెప్ప పడుతుంది. ఆ శబ్దం తీవ్రత మారిస్తే నేర్చుకున్న స్పందన ఎలా మారుతుందన్నది నా టాపిక్. సినాప్సిస్, ఎథిక్స్ కమిటీ సంతకాలు, వాలంటీర్లు, అన్నీ సాఫీగానే అయిపోయాయి.

అసలు గొడవంతా వైవాలోనే. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ సారు మొదటి పేజీ తిప్పి, "పెద్ద శబ్దానికి ఎక్కువ స్పందన, చిన్నదానికి తక్కువ. పావ్లోవ్ ఎప్పుడో చెప్పాడు. ఇందులో నువ్వు చేసిందేంటమ్మా?" అని నవ్వారు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. మా గైడ్ మేడమ్ తల దించుకుని ఫైలు తిరగేస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి, అయినా నేను ఊరుకోలేదు.

"సార్, 1964లో గ్రైస్, హంటర్ అనే పరిశోధకులు ఇదే రెప్ప ప్రయోగంలో ఒక గుంపుకు 50 డెసిబెల్సే, ఇంకో గుంపుకు 100 డెసిబెల్సే వినిపించారు. తేడా కొంచెమే వచ్చింది. ఒకే మనిషికి రెండూ కలిపి వినిపిస్తే తేడా బాగా పెరిగింది. నా డేటాలోనూ అదే వచ్చింది. శబ్దం ఎంత పెద్దదన్నదొక్కటే కాదు, దేని పక్కన వినబడిందన్నదీ ముఖ్యమే" అన్నాను.

"మరి శబ్దం తగ్గిస్తే?" అన్నారు, ఇరికిద్దామని. నేను ఎదురుచూస్తున్నదే ఆ ప్రశ్న! కామిన్ అనే సైకాలజిస్టు 1965లో ఎలుకలకు 80 డెసిబెల్స్ రొద వినిపిస్తూ, అది తగ్గడాన్నే షాక్‌కు సంకేతంగా పెట్టాడు. కాస్త తగ్గిస్తే అవి పెద్దగా నేర్చుకోలేదు. పూర్తిగా ఆపేస్తే భయం బాగా పట్టుకుంది. ఇదంతా చెప్పాక సారు "సరే, సరే" అని మార్కుల షీటు అందుకున్నారు. పిల్లలు నెలల తరబడి చేసిన పనిని ఒక్క పేజీ చూసి తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు, ఎంత సీనియర్లైనా సరే.

ఇక మీ పని. ల్యాప్‌టాప్‌లో కనిపించే వాల్యూమ్ అంకెలు డెసిబెల్స్ కావు. సౌండ్ లెవెల్ మీటరుతో హెడ్‌ఫోన్ దగ్గరే కొలవండి. ల్యాబ్ స్టోర్‌లో అడిగితే "రిపేరులో ఉంది" అంటారు, నమ్మకండి, బీరువా తీయించండి. ఏసీ ఆపండి, లేకపోతే చిన్న శబ్దం ఆ రొదలో కలిసిపోతుంది. అన్నిటికంటే ముందు, గాలి ఊదకుండా ఒట్టి శబ్దమే వినిపించి చూడండి. పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి రెప్ప వేసేవాళ్లు ఉంటారు. అది నేర్చుకున్న స్పందన కాదు, లెక్కలో కలపకండి.