ట్వెల్వ్ ఓ క్లాక్ హై: సావేజ్‌ని సగంలో వదిలేయకండి

యుద్ధ సినిమా అంటే పేలుళ్లు, మంటలు ఉంటాయని కూర్చున్నవాళ్లకి 1949 నాటి ‘ట్వెల్వ్ ఓ క్లాక్ హై’ కొంచెం ఓపిక పరీక్షే. రెండుంపావు గంటల సినిమాలో ఆకాశంలో పోరు మనకి వివరంగా కనిపించేది దాదాపు చివర్లోనే. మిగతాదంతా గదులు, మ్యాపులు, సిగరెట్లు, నిద్రలేని మొహాలు. అయినా దీన్ని ఇష్టపడేవాళ్లు మామూలుగా ఇష్టపడరు, మళ్లీ మళ్లీ పెట్టుకుని చూస్తారు, సీన్లు పూసగుచ్చినట్టు చెప్తారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి కాబట్టి ఇది రాస్తున్నా. కథంతా చెప్పేస్తున్నా, ముందే తెలియకూడదు అనుకునేవాళ్లు సినిమా చూసి రండి.

1942, ఇంగ్లండ్. బ్రిటిష్ వాళ్లు రాత్రిపూట బాంబులు వేస్తుంటే, గురి బాగా కుదరాలంటే పగలే వెళ్లాలని అమెరికన్లు పట్టుబట్టారు. పగలైతే కింద టార్గెట్ మనకి కనిపిస్తుంది, నిజమే, మనమూ శత్రువుకి అంతే బాగా కనిపిస్తాం. ఒక్కో బి-17 బాంబర్ విమానంలో పదిమంది, ముఖానికి ఆక్సిజన్ మాస్క్, ఎముకలు కొరికే చలి, ఎదురుగా పై నుంచి దూసుకొచ్చే జర్మన్ ఫైటర్లు (సినిమా పేరు కూడా అదే, శత్రువు ఎటునుంచి వస్తున్నాడో గన్నర్లు ఇంటర్‌కమ్‌లో ఇచ్చే కేక, గడియారంలో పన్నెండు అంటే సరిగ్గా ఎదురుగా, హై అంటే పైన). సినిమాలో 918వ బాంబర్ గ్రూప్ అనే కల్పిత దళం వరసగా దెబ్బలు తిని కుదేలైపోయి ఉంటుంది. దాని కమాండర్ డావెన్‌పోర్ట్ మంచివాడు, కుర్రాళ్లని సొంత తమ్ముళ్లలా చూసుకుంటాడు. నావిగేటర్ చేసిన తప్పుకి మనుషులు పోయినా ఆ నావిగేటర్ని తీసెయ్యమంటే ఒప్పుకోడు. అందుకే పైవాళ్లు డావెన్‌పోర్ట్‌నే తీసేస్తారు. అతని జాగాలోకి వచ్చేది బ్రిగేడియర్ జనరల్ ఫ్రాంక్ సావేజ్, అంటే గ్రెగరీ పెక్.

సావేజ్ బేస్‌కి వచ్చే సీన్ ఒక్కటి చాలు, హెన్రీ కింగ్ ఎలాంటి డైరెక్టరో తెలియడానికి. కార్లో డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చుని, అతన్ని పేరు పెట్టి పిలుస్తూ మామూలుగా వస్తుంటాడు. గేటుకి కాస్త ముందు కారు ఆపించి దిగి సిగరెట్ తాగుతాడు. మళ్లీ ఎక్కేటప్పుడు వెనక సీట్లో ఎక్కుతాడు, డ్రైవర్‌ని ఇప్పుడు సార్జెంట్ అంటాడు. అంతే, ఇంకెవరూ ఏమీ చెప్పరు. గేటు దగ్గర సెంట్రీ కార్డు చూడకుండా లోపలికి పంపేస్తే అక్కడికక్కడే వాణ్ణి ఏకిపారేస్తాడు. ఆ కఠినత్వం అతని స్వభావం కాదు, కావాలని వేసుకున్నదని మనకి ఆ సిగరెట్ దగ్గరే తెలిసిపోయింది. బేస్‌లో ఉన్న కుర్రాళ్లకి మాత్రం తెలీదు.

ఆ తర్వాత పైలట్లందరితో అంటాడు, భయపడటం మానండి, మీరు ఇప్పటికే చచ్చిపోయారనుకోండి, అప్పుడు అంత కష్టంగా ఉండదు అని. పైలట్లు ఒక్కరు మిగలకుండా బదిలీ అడుగుతారు. ఇక్కడ స్టోవాల్ అనే నడివయసు ఆఫీసర్, బయట వృత్తికి లాయరు, ఆ కాగితాలని ఆఫీసు పద్ధతుల పేరుతో నెమ్మదిగా తిప్పి తిప్పి సావేజ్‌కి టైమ్ సంపాదించిపెడతాడు. డీన్ జాగర్‌కి ఈ పాత్రకే సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది, ఇవ్వకపోతే అన్యాయమయ్యేది. కష్టపడి శిక్షణ ఇప్పించి, ఫార్మేషన్ వదలకుండా ఎగరడం నేర్పించి, సావేజ్ ఆ దళాన్ని నిలబెడతాడు. పిరికివాడని తను అవమానించిన గేట్లీ అనే ఆఫీసరే వెన్నెముక దెబ్బతిన్నా ఎవరికీ చెప్పకుండా మిషన్లకి వెళ్లాడని తెలిసినప్పుడు పెక్ ముఖం చూడండి.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయేవాళ్లతోనే నా గొడవ. ఈ సినిమాని అమెరికా సైన్యంలో లీడర్‌షిప్ శిక్షణకి వాడారు, తర్వాత బిజినెస్ స్కూళ్లకీ వెళ్లింది. నేను మొదట చూసింది కూడా హైదరాబాద్‌లో ఒక ఆఫీసు ట్రైనింగ్‌లో, కొన్ని ముక్కలుగా. గేటు సీను, ప్రసంగం, బదిలీలు, చివరికి విజయం. టీమ్ మెత్తగా ఉంటే బాస్ గట్టిగా ఉండాలి, రిజల్ట్ వస్తుంది అని పాఠం. తర్వాత ఇంట్లో పూర్తిగా చూస్తే తెలిసింది, ఆ ముక్కల్లో లేని భాగమే అసలు సినిమా అని. గట్టివాడు గెలిచాడని చెప్పడానికి ఈ సినిమా తీయలేదు. వాళ్లని నిలబెట్టే పనిలో సావేజ్ కూడా డావెన్‌పోర్ట్ లాగే ఆ కుర్రాళ్లకి దగ్గరైపోతాడు. నమ్ముకున్న పైలట్లు ఒక్కొక్కరే పోతారు, ఒకడి విమానం కళ్లముందే పేలిపోతుంది. మర్నాడు పొద్దున విమానం ఎక్కడానికి చేతులు పైకెత్తి పట్టుకుంటాడు, శరీరం లేవదు. మళ్లీ ప్రయత్నిస్తాడు, లేవదు. గేట్లీ ముందుండి దళాన్ని తీసుకెళ్తాడు, సావేజ్ కుర్చీలో రాయిలా కూర్చుండిపోతాడు, విమానాలు తిరిగొచ్చేదాకా.

ఇది హఠాత్తుగా జరిగినట్టుందని కొందరు ప్రేక్షకులు అంటారు. నాకలా అనిపించదు. వెనక్కి రమ్మని పైఅధికారి పిలిచినప్పుడు, దళం ఇంకా సిద్ధం కాలేదని వంక చెప్పి ఉండిపోతాడు చూడండి, అక్కడే మొదలైంది. సిద్ధం కానిది దళం కాదు, వాళ్లని వదల్లేనిది ఇతనే. మనుషుల మీద మరీ ప్రేమ పెంచుకున్నాడని డావెన్‌పోర్ట్‌ని పంపించేశారు, ప్రేమ లేనట్టు నటించినవాడికీ అదే గతి పట్టింది. మంచితనంతో అయినా కఠినంగా అయినా, మనిషి మోయగలిగేదానికి ఒక హద్దుందని ఇంత సూటిగా చెప్పిన యుద్ధ సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఇంత నమ్మకంగా రావడానికి కారణం రాసినవాళ్లు. బెయిర్న్ లే, సై బార్ట్‌లెట్ ఇద్దరూ ఎయిత్ ఎయిర్ ఫోర్స్‌లో, అంటే ఇంగ్లండ్ నుంచి ఈ దాడులు చేసిన అమెరికా వైమానిక దళంలో, పనిచేసినవాళ్లే, ముందు నవలగా రాసి తర్వాత స్క్రీన్‌ప్లే రాశారు. 1943 ఆగస్టు 17న జర్మనీలోని రెగెన్స్‌బర్గ్, ష్వైన్‌ఫర్ట్ మీదికి 376 బాంబర్లు వెళ్తే 60 తిరిగి రాలేదు, ఆ రోజు రెగెన్స్‌బర్గ్ వెళ్లిన విమానాల్లో ఒకదాంట్లో లే ఉన్నాడు. యుద్ధం ముగిసేసరికి ఎయిత్ ఎయిర్ ఫోర్స్ ఒక్కదాంట్లోనే 26 వేలకి పైగా చనిపోయారు. సావేజ్‌కి మూలం ఫ్రాంక్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే నిజమైన కమాండర్, 306వ దళాన్ని అలాగే దారిలో పెట్టినవాడు. 306ని మూడుతో గుణిస్తే 918.

చివరి పోరులో కనిపించే చాలా షాట్లు యుద్ధంలో నిజంగా తీసినవి, అమెరికన్లవీ జర్మన్లవీ కూడా, సినిమా బ్లాక్ అండ్ వైట్‌లో ఉండటం వల్ల అవి అతుకు తెలియకుండా కలిసిపోయాయి. మొదట్లో ఒక బి-17 పొట్ట మీద జారుకుంటూ టెంట్లలోంచి దూసుకుపోతుంది, అది కూడా బొమ్మ కాదు, పాల్ మాంట్జ్ అనే స్టంట్ పైలట్ ఒంటరిగా లోపల కూర్చుని నిజంగానే దింపాడు. ఆ విమానం లోపల ఏం జరిగిందో మనకి చూపించరు. తెగిపోయిన చెయ్యి ఒకటి లోపల ఉందని చెప్తారు, స్టోవాల్ దుప్పటి తీసుకుని లోపలికి వెళ్తాడు. చూపించి ఉంటే నేను ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

చూడాలనుకుంటే ఒక్క మాట. ఫోన్లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద, సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఒకే సిట్టింగ్‌లో చూడండి. స్టోవాల్ సైకిల్ మీద పాత ఎయిర్‌ఫీల్డ్‌కి వెళ్లే మొదటి సీన్ నెమ్మదిగా ఉందని ముందుకి జరిపేయొద్దు, చివర్లో అది కావాలి.