ఆఖరి తేదీనాటికి ఎన్ని బతికుండాలి? – నా అనుభవం

భీమవరంలో మా ల్యాబు పెట్టిందే రొయ్యల చెరువుల కోసం. నీళ్లు పరీక్షించడం, చెరువుల్లో చల్లే ప్రోబయోటిక్ పొడి (మేలుచేసే సూక్ష్మజీవుల పొడి) నాణ్యత చూడడం మా పని. యాంటీబయోటిక్ వాడేటప్పుడు పట్టుకునే విరేచనాల కోసం మనుషులకిచ్చే ప్రోబయోటిక్ ప్యాకెట్ చేద్దామన్న ఆలోచన పుట్టించింది మాకు తెలిసిన పిల్లల డాక్టరుగారు. చెవిపోటుకి అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయోటిక్ సిరప్ రాస్తే కొందరు పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. తల్లి భయపడి సిరప్ ఆపేస్తుంది. "కోర్సు సగంలో మానేస్తున్నారండి, నా బాధంతా అదే" అనేవారాయన.

యాంటీబయోటిక్ రోగక్రిమితోపాటు పేగులోని మంచి బ్యాక్టీరియానూ చంపుతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే చెడ్డ బ్యాక్టీరియా పెరిగితే వ్యవహారం ముదురుతుంది. యాంటీబయోటిక్ తర్వాత వచ్చే తీవ్రమైన పెద్దపేగు వాపుకి దాని విషమే కారణమని 1978లో తేలింది. దానికి నోటిద్వారా ఇచ్చే వాంకోమైసిన్ లాంటి మందులు కావాలి. మా ప్యాకెట్ ఆ జబ్బుకి వైద్యం కాదని మొదటిరోజే రాసిపెట్టుకున్నాం.

ఏ సూక్ష్మజీవి వాడాలన్నది తర్వాతి ప్రశ్న. పిల్లల్లో ఎక్కువ ఆధారాలున్నవి రెండు: లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, సాకరోమైసిస్ బౌలార్డీ. మొదటిది బ్యాక్టీరియా, రెండోది ఈస్టు, అంటే ఒకరకం ఫంగస్. 1920లలో ఇండోచైనాలో లిచీ, మాంగోస్టీన్ పండ్ల నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్రీ బౌలార్ వేరుచేశాడు. ఈస్టు కాబట్టి బ్యాక్టీరియాను చంపే మందు దీన్ని చంపదు. అన్ని ప్రోబయోటిక్‌లూ ఒకటే అనుకునేవారికి నేను 2013లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ప్లాసిడ్ పరిశోధన చెబుతుంటాను. బ్రిటన్ ఆసుపత్రుల్లో సుమారు మూడు వేలమంది పెద్దవయసువారి మీద లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం కలిపి పరీక్షిస్తే విరేచనాలు తగ్గిన దాఖలా కనబడలేదు. కంపెనీ పెట్టబోయేవాడికి ఇది చేదు కబురే. అయినా ముందు చదవాల్సింది అదే.

మా విషయంలో తీర్పు చెప్పింది డెల్టా వాతావరణం. చెరువులో చల్లే బాసిల్లస్ బ్యాక్టీరియాకి స్పోర్లు, అంటే గట్టి కవచంతో నిద్రపోయే రూపాలు ఉంటాయి, ఎండకీ చెమ్మకీ తట్టుకుంటుంది. లాక్టోబాసిల్లస్‌కి ఆ కవచం లేదు. ఫ్రిజ్జులో ఉంచమందామా అని రాజోలు వైపు ఒక మందులషాపాయనను అడిగాను. "ఆయ్, ఎండాకాలం కరెంటు పోతే ఇన్సులిన్‌కే దిక్కులేదండి, మీ పొడెక్కడ పెట్టను?" అన్నారు. నిజమే కదా. రెండు రకాల ప్యాకెట్లూ ఆయన అలమరలోనే, ఉష్ణోగ్రత, తేమ రాసుకునే చిన్న యంత్రంతో సహా ఉంచాం. ల్యాబులో 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర మరికొన్ని.

నెలనెలా ఒక ప్యాకెట్ విప్పి, పదోవంతు చొప్పున పలచన చేసుకుంటూ సూక్ష్మజీవులు పెరిగే ప్లేట్ల మీద పరచి, బతికున్నవి పెరిగి కట్టిన చుక్కలు లెక్కపెట్టాం. లాక్టోబాసిల్లస్ ప్లేట్లు నెలనెలా ఖాళీ అవుతూ వచ్చాయి. ఈస్టు ప్లేటు మూత తీస్తే మాత్రం మీగడరంగు చుక్కలు ఒత్తుగా, పులిసిన కల్లు వాసనతో కనిపించేవి. ఈస్టే ఖాయం చేశాం. కవరుకి మంచి అల్యూమినియం పొర కావాలి. ఒక సరఫరాదారు పలచటిది అంటగట్టాడు, అతుకు దగ్గర చెమ్మ దూరి పొడి గడ్డకట్టింది. ఆ సరుకంతా పారేశాం. ప్యాకెట్ మీద 500 కోట్ల ఈస్టు కణాలు అని వేస్తే అది తయారైన రోజు లెక్క కాకూడదు. గడువు తీరే రోజుకి బతికుండే లెక్క కావాలి. అందుకే నింపేటప్పుడే ఎక్కువ వేస్తాం.

ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సెంట్రల్ లైసెన్సు పని నిదానంగా సాగింది కానీ దారి స్పష్టమే. నిబంధనల్లో వాడదగిన జీవుల జాబితా ఉంది. చెరువుల పొడి గదికీ దీనికీ గోడ, గాలి, మనుషులు వేరుగా ఉండేలా కట్టాం. గొడవంతా లేబుల్ దగ్గరే. "విరేచనాలు ఆపుతుంది" అని వేయమని పంపిణీదారులు పట్టుబట్టారు. ఆహారపదార్థం మీద రోగం నయమవుతుందని రాయడం చట్టం ఒప్పుకోదు. మందుగా వాడేది కాదని అచ్చువేయాలి. నేను సడలలేదు, ఇద్దరు పంపిణీదారులు వెళ్లిపోయారు.

లోపలి కాగితం తెలుగులో పెద్దక్షరాల్లో వేయించాం: వేడిపాలల్లో కలపొద్దు, ఈస్టు చస్తుంది. ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు వాడుతుంటే పనిచేయదు. పెద్ద రక్తనాళంలో గొట్టం ఉన్న రోగులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వొద్దు, ఆ మంచాల దగ్గర ప్యాకెట్ విప్పొద్దు కూడా, ఈస్టు రక్తంలోకి చేరే ప్రమాదముంది. మలంలో రక్తం, జ్వరం, తీవ్రమైన కడుపునొప్పి ఉంటే ప్యాకెట్ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సిరప్ ఆపాలో మార్చాలో డాక్టరే చెప్పాలి.