దాచి పెట్టుకునే చిన్న పిస్టల్: ముందు పిడి చూడండి

బట్టల కింద పిస్టల్ ఆనవాలు బయటపడేది ఎక్కువగా పిడి పొడవు వల్లే, బ్యారెల్ వల్ల కాదు. తూటాల పెట్టె, అంటే మ్యాగజైన్, పిడిలోనే ఉంటుంది కాబట్టి తూటాలు తగ్గితే పిడీ పొట్టిదవుతుంది. మధ్యస్థ సైజు పిస్టల్ గ్లాక్ 19 మ్యాగజైన్‌లో 15 తూటాలు పడతాయి. 2018లో వచ్చిన చిన్న పిస్టల్ సిగ్ పీ365 మామూలు మ్యాగజైన్‌లో 10. ఆ పొట్టి పిడి నడుం దగ్గర చక్కగా ఒదుగుతుంది, కానీ చాలామందికి చిటికెన వేలు ఆనడానికి చోటు చాలదు.

చిన్న పిస్టల్ స్లైడ్ (కాల్చినప్పుడు వెనక్కి జరిగే పై భాగం) తేలిక, స్ప్రింగ్ గట్టిది. మణికట్టు వదులైతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాక పేలిన తూటా ఖాళీ తొడుగు ఇరుక్కుంటుంది. అందుకే మామూలు తూటాలు 200, రోజూ నింపుకునే హాలోపాయింట్ (మొనలో గుంట ఉన్న తూటాలు) కనీసం 50 కాల్చి చూడాలి. ప్రతి మ్యాగజైన్‌తోనూ, ఒంటిచేత్తో కూడా. ఎక్కడ ఆగినా ఏ మ్యాగజైన్‌తో ఆగిందో రాసుకోండి. తప్పు తరచూ దాని స్ప్రింగ్‌దే.

హోల్‌స్టర్ (పిస్టల్ పెట్టుకునే ఒర) దగ్గర రాజీ వద్దు. ట్రిగ్గర్ గార్డును (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని) పూర్తిగా కప్పే గట్టి కైడెక్స్ ప్లాస్టిక్ ఒర కావాలి. మెత్తబడిన తోలు అంచు మడతపడితే, పిస్టల్ తిరిగి పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌ను నొక్కేయగలదు.