లేని గంట

మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున 2 గంటల నుంచి 3 గంటల వరకు విద్యార్థుల రికార్డుల వ్యవస్థ పనిచేయదని ప్రకటన రాసింది నేనే. శుక్రవారం మధ్యాహ్నం అది విశ్వవిద్యాలయం సిబ్బంది అందరికీ వెళ్లింది. పావుగంట తిరగకుండా భౌతికశాస్త్రం ప్రొఫెసర్ ఒకాయన, అందరికీ చేరేలాగే జవాబు పంపాడు. క్షణం కూడా పట్టని మరమ్మతు తలపెట్టినందుకు మా ఐటీ విభాగానికి అభినందనలట.

వెక్కిరింత అని తెలుస్తోంది కానీ ఎందుకో తెలియలేదు. పక్క సీటులోని అమ్మాయి గోడ మీద క్యాలెండర్ చూపించాక గుండె జారింది. అమెరికాలో 2007 నుంచి వేసవి సమయం కోసం గడియారాలను గంట ముందుకు జరుపుతున్నది ఆ ఆదివారం నాడే. రాత్రి 1:59 తర్వాత నేరుగా 3 అవుతుంది. 2కీ 3కీ మధ్య గంట ఆ రోజున ఉండదు. నేను సరిగ్గా ఆ లేని గంటలోనే సర్వరు ఆపుతానని ఊరంతా చాటాను.

ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది, ఈ గడియారాల సంగతి నాకు తెలియనిది కాదు. ఏటా అమ్మతో ఇదే పేచీ. చలికాలంలో నేను రాత్రి 8కి ఫోన్ చేస్తే హనుమకొండలో ఉదయం 7:30. మార్చి దాటాక అదే 8కి చేస్తే అక్కడ 6:30, అమ్మ అప్పుడే వాకిలి ఊడుస్తూ ఉంటుంది. "సూర్యుణ్ని కూడా మీరే నడిపిస్తారా?" అని విసుక్కుంటుంది. మన దగ్గర గోడ గడియారం ఒకసారి పెడితే సెల్లు అయిపోయేదాకా దాని జోలికి పోం. తెలిసిన సంగతే అయినా పని వేళకు గుర్తు రాలేదు, అంతే. సర్వర్లు లోపల లెక్కించుకునేది ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం, దానికి ఈ వేసవి వేషాలు లేవు. స్థానిక సమయంలో రాయాల్సి వచ్చినప్పుడే మనిషి బోల్తా పడేది. ఇది సాకు అని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి.

మేనేజరు పిలిచింది. సంజాయిషీ మనసులో సిద్ధం చేసుకునే వెళ్లాను. ఆవిడ కుర్చీ చూపించి, "పంపే ముందు దీన్ని ఎంతమంది చదివారు?" అని అడిగింది. ముగ్గురు, ఆవిడతో కలిపి. "అయితే నలుగురం కలిసి చేసిన తప్పు" అంది. గంటలో సవరణ వెళ్లింది: మా ప్రకటనలో పొరపాటు దొర్లింది, మరమ్మతు 3 నుంచి 4 వరకు జరుగుతుంది, ఎత్తిచూపిన ప్రొఫెసర్ గారికి కృతజ్ఞతలు. ఆయన పేరు ఉంది. నా పేరు లేదు. రెండుసార్లు వెతికాను.

మంగళవారం సమావేశంలో కూడా అంతే. ఈ రంగంలో దీన్ని నింద లేని సమీక్ష అంటారు. ఎవరు చేశారని అడగరు, ఎలా జరగగలిగిందని అడుగుతారు. ఎవరి మీదకు వస్తుందోనన్న భయం ఉంటే మనుషులు తప్పులు దాచేస్తారనీ, దాచిన తప్పు మళ్లీ జరుగుతుందనీ వాళ్ల లెక్క. చివరికి తేలిందేమిటంటే, మరమ్మతు తేదీ ఖరారు చేసే చిట్టాలో ఇంకో వరుస చేరాలని: ఆ రోజు గడియారం మారుతోందా? అరగంటలో లేచిపోయారు. నేను మాత్రం ఇంకేదో ఉంటుందని చూస్తూ కూర్చున్నాను. ఆ ఏడాది జీతం పెంపు కాగితం వచ్చేదాకా నాకు నమ్మకం కుదరలేదు. అందులోనూ ఏమీ లేదు.

మా బాపు హనుమకొండలో ఒక కాలేజీలో టైపిస్టు. నోటీసు ఏదైనా ఆయన చేతి మీదుగానే వెళ్లేది. రిబ్బను తప్పించి స్టెన్సిల్ మీద కొట్టడం, తప్పు పడితే ఎర్ర ద్రవం రాసి ఆరేదాకా ఊదడం, నకళ్లు తీసే సైక్లోస్టైల్ యంత్రం తిప్పడం, ఆపైన అటెండరు ఆ కాగితం పట్టుకుని తరగతి తరగతికీ తిరగడం. సెలవుల్లో నేనూ వెళ్లి ఆ యంత్రం పిడి తిప్పేవాణ్ని. ఒక ఏడాది పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ జూన్ 31 అని నోటీసు వెళ్లింది. పైనుంచి వచ్చిన చిత్తు ప్రతిలోనే 31 ఉంది, ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. ఒక విద్యార్థి జులై 1న వచ్చి, మీ 31 ఇదే కదా సార్ అని కౌంటరు దగ్గర వాదన పెట్టుకున్నాడట. చిత్తు రాసిన సూపరింటెండెంటుకు ఏమీ కాలేదు. బాపుకు మెమో వచ్చింది, హోదాతో, పూర్తి పేరుతో. దాని నకలు బోర్డు మీద అంటించారు.

నేను ఇప్పటికీ మరచిపోలేనిది ఇంకొకటి. ఆఫీసులో టైపిస్టు ఒక్కడే కనుక ఆ మెమో కొట్టాల్సిందీ బాపే. తన పేరు తనే కొట్టుకున్నాడు, 'తమ నిర్లక్ష్యం వలన' అని తనే కొట్టుకున్నాడు, సంతకానికి తనే పట్టుకెళ్లాడు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదని ఇంట్లో గొప్పగా చెప్పాడు. అమ్మ నవ్వలేదు.

లేని తారీకు ఆయనది, లేని గంట నాది. వంశంలోనే ఉన్నట్టుంది. ఆయనకు బోర్డు, నాకు 'మా ప్రకటనలో' అన్న ఒక్క మాట. మంగళవారం రాత్రి ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, నాకు జరిగిన మేలుకు సంతోషించాల్సింది పోయి బాపు తరఫున కోపం వచ్చింది. ఆ సూపరింటెండెంటు కూడా 'మన' అని ఒక్కసారి రాసి ఉంటే ఏం పోయేది?

ఇక్కడితో ఆపేస్తే అమెరికా గొప్పది అని రాసినట్టు అవుతుంది. అక్టోబరు సంగతి కూడా చెప్పాలి.

మా విభాగంలో వారానికోసారి సిబ్బంది వార్తలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు, పదోన్నతులు, ఎవరికో పాప పుట్టిందని, వంటగదిలో కేకు ఉందని, దొంగ మెయిళ్లు వస్తున్నాయి నొక్కవద్దని. సంక్రాంతికి నేను సకినాలు తెస్తే అదీ వార్తే అయింది, నువ్వుల ఉంగరాలని రాశారు. అక్టోబరులో ఒక వారం, ఆ కేకుకూ మెయిళ్ల హెచ్చరికకూ మధ్య నాలుగు వరుసలు వచ్చాయి: విభాగం పునర్వ్యవస్థీకరణలో భాగంగా కొన్ని ఉద్యోగాలు తొలగించాలని నిర్ణయించాం. ఫలానా ఆయనకు శుక్రవారం చివరి రోజు. ఆయన సేవలకు కృతజ్ఞతలు.

ఆయన మా బ్యాకప్ టేపుల పెద్దమనిషి, అంటే సర్వర్లలోని సమాచారం పోకుండా టేపుల మీద నకళ్లు దాచేవాడు. చేరిన కొత్తలో నాకు ఏ టేపు ఎక్కడ ఉంటుందో, ఏది భవనం దాటి వెళ్లాలో, రాసి ఊరుకోకుండా తిరిగి చదివి ఎందుకు చూసుకోవాలో ఓపికగా నేర్పినవాడు. నిర్ణయించింది ఎవరని నలుగురినీ అడిగాను. ఎవరికీ తెలియదు. మళ్లీ అదే 'మేం'. మార్చిలో నన్ను కాపాడిన మాటే అక్టోబరులో ఎవరినో దాచింది. దాన్ని ఇలా రెండు రకాలుగా వాడుకోవచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు.

మేనేజరును అడిగితే, రెండూ ఒకటి కాదు అంది. నిజమే కావచ్చు. నాకు మాత్రం బాపు రిటైరైన రోజు గుర్తొచ్చింది. 58 నిండాయి, దండలు పడ్డాయి. మెమో ఇచ్చిన ఆ సూపరింటెండెంటు అప్పటికే రిటైరై ఉన్నా పనిగట్టుకుని వచ్చాడు. తనే శాలువా కప్పి, జీపులో పక్కన కూర్చుని నయీంనగర్‌లోని మా ఇంటిదాకా దిగబెట్టి, మా ఇంట్లో అన్నం తిని, "జూన్ 31 నాదేనయ్యా" అని అందరి ముందూ అన్నాడు. బాపు చేతులు అడ్డం పెట్టి వద్దు వద్దన్నాడు. అన్నేళ్లకు గానీ ఆ మాట రాలేదన్నది వేరే సంగతి. చెప్పడానికి ఒక మనిషి అయితే మిగిలాడు.

శుక్రవారం కేకు కోశారు. అందరూ సంతకాలు చేసిన కార్డు ఇచ్చారు. నాలుగున్నరకల్లా ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లిపోయారు. ఇంటిదాకా దిగబెడతానని అడగబోయి ఊరుకున్నాను, ఇక్కడ పిలవకుండా ఇంటికి వెళ్లరు, పైగా ఆయనకు సొంత కారుంది. కొన్ని పుస్తకాలు, ఒక కప్పు, ఒక మొక్క ఉన్న అట్టపెట్టెను నేను పట్టుకున్నాను. పార్కింగ్ దాకా ఇద్దరం నడిచాం. పెట్టె డిక్కీలో పెట్టాక నా సంచిలోంచి కవరు తీసి ఇచ్చాను. కిందటిసారి వచ్చేటప్పుడు అమ్మ పెట్టిన శాలువా, మడత విప్పనిది. కప్పే ధైర్యం రాలేదు.

ఆయన విప్పి చూసి, "ఇది దేనికి?" అని అడిగాడు.

"చలికి" అన్నాను.